వేసవిలో రాలని బొచ్చు

విశాఖలో గుర్రం బరువులు లాగిన రోజులు ఎప్పుడో పోయాయి. ఓడరేవులో బొగ్గుని కన్వేయర్లు మోస్తాయి, ఉక్కు కర్మాగారానికి ముడిఖనిజాన్ని రైళ్లు తెస్తాయి. జట్కా అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు పాత సినిమాలో చూపించాల్సిందే. ఊళ్లో మిగిలిన గుర్రాలకు మిగిలిన పనులు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో నాలుగడుగులు వేయడం, ముహూర్తాల రోజుల్లో పెళ్లికొడుకుని ఊరేగించడం. దేశం మొత్తం మీద చూసినా 2012 పశుగణనలో 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రం తగ్గితే గుర్రాన్ని ఎరిగినవాళ్లూ తగ్గుతారు. నాడాలు వేసే చెయ్యి, పళ్లు చూసి వయసు చెప్పే కన్ను ఇప్పుడు వెతికితే గానీ దొరకవు. అందుకే ముసలి గుర్రాలకు వచ్చే కుషింగ్స్ జబ్బు గురించి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నాను. ఒకరు బీచ్‌లో గుర్రాలు తిప్పే యజమాని, ఇంకొకరు రిటైరైన పశువైద్యుడు. ఇద్దరూ కల్పితమే, వాదనలు మాత్రం కావు. వాళ్ల ముందున్న గుర్రానికి ఇరవై ఏళ్లు దాటాయి. మే నెల నడుస్తున్నా ఒంటిమీద బొచ్చు రాలలేదు. వెన్నుమీద కండ కరిగింది, పొట్ట జారింది, బకెట్ల కొద్దీ నీళ్లు తాగుతోంది. నా మొగ్గు వైద్యుడి వైపే. అలాగని యజమాని నోరు కట్టేయలేదు.

యజమాని: డాక్టరు బాబూ, ముసల్దైపోయింది, అంతకు మించి ఏటీ లేదు. వయసు మీద పడితే మనిషికి మాత్రం నడుం వంగదా, కండ తగ్గదా, రాత్రి నాలుగుసార్లు లేవడా? గుర్రానికీ అంతే. బొచ్చంటారా, ఒత్తుగా ఉంటే గుర్రం బలంగా ఉందనేవాళ్లు మా పెద్దలు. నిన్నటిదాకా లేని జబ్బుకి ఇవాళ పేరు పెడతారు, పేరు పెట్టాక టెస్టంటారు, టెస్టయ్యాక మందంటారు. చివరికి తేలేది ముసలితనానికి మందు లేదనే కదా. ఆ మాట నేను ముందే అంటున్నాను.

వైద్యుడు: ముసలితనానికి మందు లేదు, ఒప్పుకుంటాను. కానీ ముసలితనం బొచ్చు రాలడాన్ని ఆపదు. పాతికేళ్ల గుర్రమైనా ఆరోగ్యంగా ఉంటే ఎండలు ముదిరేసరికి పాత బొచ్చు వదిలేస్తుంది. వదలలేదంటే లోపల ఏదో చెడిందన్నమాట. మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంది. గుర్రంలో దాని మధ్యభాగం పెద్దది, మనిషిలో అది దాదాపు లేనట్టే. ఆ భాగాన్ని డోపమిన్ అనే రసాయనం అదుపులో పెడుతుంది. వయసుతో పాటు డోపమిన్ అందించే నాడీకణాలు కొన్ని గుర్రాల్లో దెబ్బతింటాయి. అదుపు పోయిన గ్రంథి పెరిగి, ఏసీటీహెచ్‌నీ మరికొన్ని హార్మోన్లనీ అడ్డూ ఆపూ లేకుండా వదులుతుంది. కండ కరగడం, దాహం, పుండ్లు త్వరగా మానకపోవడం, మాటిమాటికీ చీము పట్టడం అన్నీ అక్కడినుంచి వచ్చేవే. హార్వీ కుషింగ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1912లో మనుషుల్లో వర్ణించిన జబ్బు పేరే దీనికీ వచ్చింది. అయితే మనిషిలో గడ్డ పుట్టే చోటు వేరు, గుర్రంలో చెడే చోటు వేరు. మనుషుల వైద్యం తెచ్చి దీనికి అతికించలేం. ఇలా వచ్చి చూడండి. కంటిపైన గుంట ఉండాల్సిన చోట కొవ్వు ఉబ్బి ఉంది. దవడ కింద, కాళ్ల వెనక పొడుగు వెంట్రుకలు మిగిలాయి. జబ్బు మొదట్లో అక్కడే మిగులుతాయి, తర్వాత ఒళ్లంతా కమ్ముతాయి. మీరు బలమనుకున్న ఆ ఒత్తు బొచ్చు కింద చెయ్యి పెడితే పక్కటెముకలు తగులుతున్నాయి.

యజమాని: సరే, జబ్బే అనుకుందాం. ఇది మంచు కురిసే దేశాల జబ్బు బాబూ. అక్కడ గుర్రాన్ని కన్నబిడ్డలా సాకుతారు, ముప్పై ఏళ్లు బతికిస్తారు, కాబట్టి వాటికి ముసలి జబ్బులొస్తాయి. మన దగ్గర ఎండ, ఉప్పుగాలి, చెమట. ఇక్కడెవరైనా ఈ జబ్బు పేరెత్తగా విన్నారా?

వైద్యుడు: వెతకని జబ్బు దొరకదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉంది, అది మంచు దేశం కాదు. అక్కడ 15 ఏళ్లు దాటిన గుర్రాలను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదానికి ఈ జబ్బు తేలింది. వాటిలో చాలావాటి యజమానులు మీలాగే వయసు అనుకున్నారు. ఇంకో మాట చెప్తాను. ఈ జబ్బు చలిదేశంలో కంటే మన తీరంలోనే గుర్రాన్ని ఎక్కువ బాధిస్తుంది. ఇంగ్లండులో పొడుగు బొచ్చు గుర్రానికి దుప్పటి ఖర్చు మిగులుతుంది. విశాఖలో మే నెలలో అదే బొచ్చు ప్రాణం మీదికి తెస్తుంది. గాలిలో తేమ ఇంత ఉన్నప్పుడు మామూలు గుర్రానికే చెమట ఆరదు, ఇక బొచ్చు కింద చిక్కుకున్న వేడి బయటికి ఎలా పోతుంది? కాబట్టి ఇవాళే మెషీన్ పెట్టి బొచ్చు కత్తిరించాలి. దానికి ఏ రిపోర్టూ రానక్కర్లేదు. క్షవరం ట్రిమ్మర్ ఈ బొచ్చు మీద పనిచేయదు, పశువుల క్లిప్పరే కావాలి. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కత్తిరించాలి.

పరీక్ష అంటారా, ఏసీటీహెచ్ కోసం రక్తం తీయాలి. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో తీసి, ఐసు మీద పెట్టి, అదేరోజు ప్లాస్మా వేరు చేయించాలి. బండి ముందు పెట్టెలో ఎండలో తిప్పితే ఆ రక్తం దేనికీ పనికిరాదు. అలిసిపోయిన గుర్రంలో, నొప్పితో ఉన్న గుర్రంలో ఏసీటీహెచ్ దానంతటదే పెరుగుతుంది. ఆదివారం సాయంత్రం బీచ్‌లో తిప్పి తెచ్చి రక్తమిస్తే ఫలితం తప్పుతుంది. మనుషుల ల్యాబ్ కాగితం మీద అచ్చేసిన నార్మల్ గీత గుర్రానికి చెల్లదు. పైగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆరోగ్యమైన గుర్రాల్లోనూ ఏసీటీహెచ్ పెరుగుతుందని ఉత్తరదేశాల కొలతలు చెప్తున్నాయి. అది పగటి నిడివి తగ్గడాన్ని బట్టి జరిగే మార్పు. మన అక్షాంశంలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే. వాళ్ల పట్టిక కళ్లు మూసుకుని వాడకూడదు. అదే గుర్రాన్ని ఏటా అదే నెలలో పరీక్షించి దాని అంకెను దానితోనే పోల్చడం మేలు. ఇన్సులిన్ కూడా చూడాలి. ఎందుకో గిట్టల దగ్గరికొచ్చాక చెప్తాను.

యజమాని: ఇదంతా అయ్యాక మందు రాస్తారు. ఆ మందు ఇక్కడ దొరకదు. దొరికినా రోజూ వేయాలి, బతికినన్నాళ్లూ వేయాలి. వారానికి రెండ్రోజులు గిరాకీ ఉండే బతుకు మాది. వాన పడితే అదీ లేదు. ఖరీదైన రేసు గుర్రాలకు రాసే చీటీ మాకెందుకు రాస్తారు?

వైద్యుడు: మందు పేరు పెర్గొలైడ్. ముందు మనుషుల పార్కిన్సన్స్‌కి వాడేవారు. గుండె కవాటాలు చెడుతున్నాయని 2007లో అమెరికాలో మనుషుల మందుల మార్కెట్ నుంచి తీసేశారు. 2011లో అదే దేశం గుర్రాల కోసం దానికి అనుమతిచ్చింది. తగ్గిపోయిన డోపమిన్ పనిని అది చేసిపెడుతుంది. కిలో బరువుకి 2 మైక్రోగ్రాములతో మొదలెడతారు. 300 కిలోల గుర్రానికి రోజుకి అర మిల్లీగ్రాము పైచిలుకు. మొదట్లో కొన్ని గుర్రాలకు ఆకలి మందగిస్తుంది, అప్పుడు మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు. ఇది జబ్బును మాన్పదు, అణచిపెడుతుంది. మన మందుల షాపులో అడగ్గానే ఇచ్చే సరుకు కాదన్నది నిజమే. క్యాబర్‌గొలిన్ అనే మనుషుల మందుని గుర్రాలకు ఇస్తున్నవాళ్లున్నారు. అది వైద్యుడి చేతిమీదుగా జరగాలి గానీ షాపువాడి సలహాతో కాదు. పిల్లలకు ఆకలి కోసం ఇచ్చే సిప్రోహెప్టడిన్ చవక అని ఎవరైనా చెప్పొచ్చు. ఒకప్పుడు వాడారు, ఫలితం నమ్మదగ్గదిగా లేదు. వావిలాకు సంగతి కూడా మీరు అడగకముందే చెప్తాను. మన వావిలికి దగ్గరి చుట్టమైన చెట్టు పళ్లసారాన్ని పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బుకి ఇచ్చి చూశారు. ఒక పరిశీలనలో బొచ్చు కొంత బాగుపడింది కానీ ఏసీటీహెచ్ దిగలేదు. వావిలాకు మీ మోకాళ్లకు కాపడం పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఒళ్లు దురదనో కాలు నొప్పనో చెప్పి ఈ గుర్రానికి స్టెరాయిడ్ ఇంజక్షన్ పొడిపించకండి. దానితో గిట్టలు పోవచ్చు.

ఇంత చెప్పి ఒక మాట అంటాను, వినండి. మందు దొరకలేదు కాబట్టి చేసేదేమీ లేదన్న వాదనే అసలు తప్పు. ఈ జబ్బులో గుర్రాన్ని చంపేది చాలాసార్లు గ్రంథి కాదు, గిట్ట. గిట్టని కాపాడేది మేత. మేత మీ చేతిలో ఉంది.

యజమాని: మేతలో నాకు వంక పెట్టకండి బాబూ. ఉలవలు ఉడకబెట్టి పెడుతున్నాను. తవుడు కలుపుతున్నాను. చిక్కిపోయిందని ఈమధ్య అనకాపల్లి బెల్లం రోజూ పెద్ద గడ్డ పెడుతున్నాను. పెళ్లి ఊరేగింపు అయ్యాక అందరూ పెట్టేది బెల్లమే కదా. బీచ్‌లో పిల్లలు బిస్కెట్లు, అరటిపళ్లు పెడతారు. కడుపు మాడ్చి చంపుతున్నానని ఎవరూ అనలేరు.

వైద్యుడు: కడుపు మాడ్చడం లేదు. తీపితో కాళ్లు విరుస్తున్నారు. మన గోరు కింద మాంసాన్ని గోరు ఎలా అంటిపెట్టుకుని ఉంటుందో, గుర్రం గిట్ట లోపలి ఎముకను సన్నటి పొరలు గిట్టగోడకు అలా పట్టి ఉంచుతాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే ఆ పొరల పట్టు సడలుతుంది. దాన్నే లామినైటిస్ అంటాం. ముదిరితే ఎముక కిందికి దిగి అరికాలు చీల్చుకుని రావచ్చు. కుషింగ్స్ ఉన్న ప్రతి గుర్రానికీ ఇన్సులిన్ పెరగదు, పెరిగినవాటికే గిట్టల గండం ఎక్కువ. అందుకే ఆ పరీక్ష అడిగాను. అది చేయించేదాకా ఉన్నట్టే అనుకుని మేత మార్చండి. బెల్లం ఇవాళ్టితో బంద్. అనకాపల్లి బెల్లానికి కొనేవాళ్లు కరువు కారు, ఈ గుర్రం తినకపోతే ఆ మార్కెట్టేమీ మూతపడదు. బిస్కెట్లు, అరటిపళ్లు ఎవరు పెట్టినా వద్దనండి. తవుడు మానేయండి. ఉలవల్లో మాంసకృత్తులున్నాయి గానీ పిండిపదార్థం అంతకు రెట్టింపు పైగా ఉంది, ఆరోగ్యంగా కష్టపడే గుర్రానికి అది మేతే, దీనికి కాదు.

మరి ఏం పెట్టాలంటారు. ఎండుగడ్డి, ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు. 300 కిలోల గుర్రానికి రోజుకి 4.5 నుంచి 6 కిలోలు. దాన్ని చల్లటి నీళ్లలో అరగంట నుంచి గంట నానబెట్టి, నీళ్లు పారబోసి పెట్టండి. గడ్డిలో చక్కెర కొంత ఆ నీళ్లతో పోతుంది. రాత్రంతా నానబెడితే ఇంకా మంచిదనుకోకండి, మన ఉక్కకి అది పులుస్తుంది. వరిగడ్డి ఒక్కటే పెడితే చక్కెర తక్కువే, బలమూ తక్కువే. కండ కరుగుతున్న గుర్రానికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి కొంచెం సోయా చెక్క, ఉప్పు, ఖనిజ మిశ్రమం కలపండి. బూజు వాసన తగిలితే ఏ చెక్కయినా పారేయండి, సముద్రపు తేమలో బస్తా ఎన్నాళ్లో నిలవదు. నీళ్లకు కొలత వద్దు. ఎక్కువ తాగుతోందనీ, సాల తడిసిపోతోందనీ బకెట్టు దాచేవాళ్లున్నారు. తాగిందంతా మూత్రంలో పోతుంది కాబట్టే అది తాగుతోంది, బకెట్టు దాస్తే ఎండిపోతుంది. పళ్లు చూపించండి, ముసలి గుర్రం పళ్లు వంకరగా అరిగి గడ్డి ఉండలుగా ఉమ్మేస్తుంటే మీరెంత మంచి మేత పెట్టినా ఒకటే. పురుగుల మందు కూడా లెక్క ప్రకారం ఇవ్వాలి, ఈ జబ్బులో పురుగుల బెడద ఎక్కువ.

ఇక గిట్టలు. పొద్దున్నే సాలలోకి వెళ్లగానే అది ఎలా నిలబడిందో చూడండి. ముందుకాళ్లు ముందుకి చాచి, బరువు వెనక్కి వేసి నిలబడితే నొప్పి ఉన్నట్టు. అరచెయ్యి గిట్టమీద ఆనించండి, వేడి తగలకూడదు. గిట్టకు పైన కాలి వెనక రెండు పక్కలా వేళ్లు పెట్టండి, నాడి ఢమఢమ కొట్టుకుంటుంటే ఆరోజు బేరం మానేసి వైద్యుడికి ఫోన్ చేయండి. గిట్టగోడ మీద వలయాలు మడమవైపు ఎడంగా, ముందువైపు దగ్గరగా ఉన్నాయంటే పాత దెబ్బలు ఇంతకుముందే తగిలాయని అర్థం. నాడాలు వేసేవాడిని ఐదారు వారాలకొకసారి పిలవండి, నాడా అరిగాక కాదు. ఇందులో దేనికి రేసు గుర్రం ఖర్చయ్యింది చెప్పండి? బెల్లం మానితే డబ్బు మిగులుతుంది కూడా.

యజమాని: మిగిలిన డబ్బు సోయా చెక్కకి, నాడాలకి పోయింది. చేస్తే చేశాను, ఇది సంపాదించేది ఏటి? ఇక ఎవరినీ ఎక్కించొద్దని కూడా అంటారు మీరు. తినే నోరు ఒకటి, సంపాదించే వీపు సున్నా. పాడేరు వైపు గిరిజనులకు ఇప్పటికీ గుర్రాలు కావాలి. రోడ్డు లేని గూడేలకు సంతనుంచి సరుకు మోయడానికి వాళ్లు కొనుక్కుంటారు. నాలుగు డబ్బులొస్తాయి, దానికి చల్లటి కొండగాలి దొరుకుతుంది. ఇద్దరికీ మంచిదే కదా.

వైద్యుడు: కొండగాలి మంచిదే, కొండరాళ్లు కావు. సడలిన గిట్టలతో ఘాట్ దారిలో బరువు మోయించడం గోరుచుట్టు మీద రోకటిపోటు. 1965 నాటి నిబంధనల ప్రకారం పోనీ మీద 70 కిలోలకు మించి వేయకూడదు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. 1960 జంతుహింస నివారణ చట్టం ఇంకా సూటిగా ఉంది. వయసు వల్లో జబ్బు వల్లో పనికి తగని జంతువుని పనిలో పెట్టడం నేరం, వదిలేసిపోవడమూ నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టండి. ఏజెన్సీలో దాన్ని కొనేవాడు మీకంటే పేదవాడు. వాడి డబ్బు తీసుకుని రోగిష్టి గుర్రాన్ని అంటగడితే మీ బరువు దిగదు, ఇంకొకడి నెత్తికెక్కుతుంది. అలాగని దీన్ని కదలకుండా కట్టేయమనడం లేదు. గిట్టల్లో నొప్పి లేని రోజుల్లో చల్లని పూట మెత్తటి నేలమీద చేత్తో పట్టుకుని నడిపించండి, కండ నిలుస్తుంది. మనిషి వీపెక్కడం మాత్రం ముగిసింది.

ఇక్కడ కాసేపు ఆపి నా మాట ఒకటి. యజమాని వేసిన ప్రశ్నల్లో నిజంగా బరువున్నది డబ్బు ప్రశ్నే, దానికి వైద్యుడి దగ్గర పూర్తి జవాబు లేదు. గుర్రం పదిహేనేళ్లు ఊరందరి పిల్లల్ని నవ్వించింది. దాని ముసలితనం మాత్రం ఒక్క బీదవాడి మీద పడింది. రైడు ధర బేరమాడి తగ్గించుకున్నవాళ్లెవరూ గుర్రం వార్ధక్యానికి వాటా ఇవ్వలేదు. అయితే ఈ అన్యాయం గుర్రం చేసింది కాదు. పని చేసే ఏళ్లలోనే ప్రతి రైడు నుంచి కొంత పక్కన పెట్టడం, నగరపాలక సంస్థ బీచ్‌లో గుర్రాలకు అనుమతినిచ్చేటప్పుడే ఏడాదికోసారి వైద్యపరీక్ష తప్పనిసరి చేసి దాన్ని ఉచితంగా ఇవ్వడం, పొరుగునే ఉన్న విజయనగరం జిల్లాలోని గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులను ఆ పరీక్షలకు పంపడం జరగని పనులేమీ కావు. కాగితం పెరిగితే తడపాల్సిన చేతులు పెరుగుతాయని యజమాని అంటాడు, ఆ అనుమానం ఆయనకు ఊరికే రాలేదు. అందుకే ఉచితంగా అన్నాను.

యజమాని: అన్నీ చేస్తాను బాబూ, అయినా నిలబడలేకపోతే? అప్పుడేటి చేయమంటారు? చేతులారా చంపమంటారా? అన్నం పెట్టినదాన్ని చంపిన పాపం నాకొద్దు. దాని మానాన అది పోతుంది.

వైద్యుడు: దాని మానాన పోవడమంటే ఏమిటో మీకు తెలుసు. గుర్రం పడుకుని లేవలేకపోతే ఒరుసుకుని పుండ్లు పడతాయి, ఈ జబ్బులో అవి మానవు, ఈగలు వాలతాయి, రెండ్రోజుల్లో పురుగు పడుతుంది. పాపం గురించి మాట్లాడితే అది కూడా లెక్కలోకి రావాలి. నేను ఇవాళ దాన్ని నిద్రపుచ్చమనడం లేదు. సరిగ్గా చూసుకుంటే బతికే గుర్రం ఇది. అమెరికాలో ఒక అధ్యయనంలో జబ్బు తేలాక సగం గుర్రాలు నాలుగున్నరేళ్లు దాటి బతికాయి. నేనడిగేది ఒక్కటే, గోడమీద కేలండరు ఉంది కదా, రోజూ సాయంత్రం ఒక గుర్తు పెట్టండి. మేత తిన్నదా, తనంతట తాను లేచిందా, నాలుగడుగులు నొప్పి లేకుండా వేసిందా. నెల తిరిగేసరికి మంచి రోజులకంటే చెడ్డ రోజులు ఎక్కువైతే, నొప్పిమందులకు కూడా లొంగకపోతే, అప్పుడు కబురు పెట్టండి. బాధ తీరని జంతువుని నొప్పి లేకుండా పంపడానికి చట్టం దారి ఉంచింది. ఆ నిర్ణయం ముందే అనుకుని పెట్టుకుంటే ఆరోజు తడబడరు.

యజమాని: బొచ్చు కత్తిరించే మెషీన్ మీ దగ్గరుందా?

వైద్యుడు: ఉంది. రేపు ఎండెక్కకముందే తెస్తాను. మీరు మాత్రం ఈ రాత్రి నుంచే బెల్లం ఆపండి.

యజమాని పూర్తిగా ఒప్పుకున్నాడని నేను రాయను. మందు సంగతి తేలలేదు, డబ్బు సంగతి అసలే తేలలేదు. తేలింది మేత, గిట్ట, బొచ్చు, నీళ్లు. ముసలి గుర్రం నొప్పి లేకుండా బతకడానికి వీటితోనే చాలా దూరం వెళ్లొచ్చు. బీచ్‌కి వెళ్లే పాఠకులకు ఒక మనవి. ఏప్రిల్, మే నెలల్లో పొడుగు బొచ్చుతో, వెన్నెముక తేలి, కాలు మార్చి కాలు మీద బరువు వేస్తూ నిలబడ్డ గుర్రం కనిపిస్తే మీ పిల్లల్ని దానిమీద ఎక్కించకండి, జాలిపడి బిస్కెట్టు పెట్టకండి. యజమానిని నిందించకుండా విషయం చెప్పండి. రైడు తీసుకోకపోయినా ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టి, నాడాలు వేసేవాడిని పిలిపించమనండి.